ఏనుగుశాల నుంచి వెండితెరకు: సాబు జీవితం

దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు దాకా, జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా మన ప్రాంతంలో దస్తగిరి అన్న పేరు వినిపించని ఊరు అరుదు. ముస్లింలలోనే కాదు, హిందూ కుటుంబాల్లోనూ ఆ పేరు పెట్టుకున్న వారున్నారు. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. బాగ్దాదులో విశ్రమిస్తున్న హజ్రత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ వారి బిరుదుగా ఆ మాట మన ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది. ఇదే పేరు 1930లలో లండన్, న్యూయార్కు పత్రికలకూ ఎక్కింది. ఆ పేరుగల కుర్రవాడు రాజకుమారుడు కాదు, నవాబుల బిడ్డా కాదు. మైసూరు మహారాజా ఏనుగుశాలలో పెరిగిన ఒక మావటి కొడుకు. తల్లీ తండ్రీ లేని యతీం. సినిమా లోకం అతన్ని సాబు అని పిలిచింది.

సాబు పేరు నేటి పిల్లలకు తెలియదు. పెద్దల్లో కొందరికి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సినిమా గుర్తుండవచ్చు. హాలీవుడ్ సినిమాల్లో కథానాయకుడి పాత్రలు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న తొలి భారతీయుడు ఒక పేద ముస్లిం కుటుంబం నుంచి వచ్చాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన జీవితంలో సంతోషించదగ్గ విషయాలు ఎన్ని ఉన్నాయో, ఆలోచించాల్సిన విషయాలూ అన్నే ఉన్నాయి. తెర మీద మన మనిషి కనబడటం ఒకటి, మన కథ కనబడటం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో సాబు జీవితం చెబుతుంది.

అడవి సినిమాలు, అరువు ముఖాలు

సాబు తెర మీదికి రాకముందు అడవి సినిమాలు ఎలా ఉండేవో ముందు తెలుసుకోవాలి. ఎడ్గార్ రైస్ బరోస్ అనే అమెరికా రచయిత 1912లో టార్జాన్ కథ రాశాడు. ఆఫ్రికా అడవిలో కోతుల మధ్య పెరిగిన ఒక తెల్ల దొరబిడ్డ కథ అది. 1918లో అది మూకీ సినిమాగా వచ్చింది. 1932లో ఒలింపిక్ ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ టార్జాన్‌గా వేసిన టాకీ ప్రపంచమంతా ఆడింది. అడవి ఆఫ్రికాది, అడవికి రాజు మాత్రం తెల్లవాడు. ఆ నేల మీద పుట్టిన నల్లవారికి దక్కిన వేషాలు ఏమిటి? నెత్తిన మూటలు మోసే కూలీలు, బల్లేలు పట్టుకుని కేకలు వేసే ఆటవికులు. అదే సినిమాలో కనిపించే మరుగుజ్జు తెగవారి వేషాలు తెల్లవారికే ఒంటికి నల్లరంగు పూసి వేయించారు.

మనుషులకే కాదు, ఏనుగులకూ వేషం తప్పలేదు. ఆఫ్రికా ఏనుగు చెవులు చేటలను మించి ఉంటాయి. మన ఏనుగు చెవులు చిన్నవి. హాలీవుడ్‌లో మచ్చికై దొరికేవి మన ఆసియా ఏనుగులే. అందుకని వాటికి పెద్ద పెద్ద కట్టుడు చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా చూపించారు. ఆ సినిమాల తీరు తెలియడానికి ఈ ఒక్క ముచ్చట చాలు.

ఇంగ్లండులోనూ ఇదే పరిస్థితి. హంగేరీ నుంచి వలస వచ్చిన అలెగ్జాండర్ కోర్డా లండన్ ఫిల్మ్స్ అనే సంస్థ పెట్టి పెద్ద నిర్మాత అయ్యాడు. 1935లో ఆయన సంస్థ 'శాండర్స్ ఆఫ్ ది రివర్' తీసింది. దర్శకుడు ఆయన తమ్ముడు జోల్టాన్. అమెరికా నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రాబ్సన్ అందులో ఆఫ్రికా తెగ నాయకుడిగా వేశాడు. తన జాతి సంస్కృతిని గౌరవంగా చూపిస్తారని నమ్మి ఒప్పుకున్నాడు. తీరా చూస్తే అది తెల్లదొర పాలనను పొగిడే సినిమాగా తయారైంది. రాబ్సన్ ఆ సినిమాతో తనకు సంబంధం లేదన్నట్టు దూరం జరిగాడు. చదువుకున్న, పేరున్న, లోకం చూసిన మనిషికే అలా జరిగింది. అదే సంస్థ అదే సంవత్సరంలో మన దక్షిణ దేశంలో ఒక కుర్రవాణ్ని వెతకడం మొదలుపెట్టింది.

కారాపూర్ కుర్రవాడు

మైసూరు రాజ్యంలో కబిని నది ఒడ్డున అడవి అంచున ఉన్న ఊరు కారాపూర్. సాబు 1924 జనవరి 27న అక్కడ పుట్టాడు. మైసూరు మనకు మరీ పరాయి దేశం కాదు. మన కడప ప్రాంతం 1779లో హైదర్ అలీ చేతికి వచ్చి కొంతకాలం మైసూరు పాలనలోనే ఉంది. ఇక్కడి ముస్లింలు, అక్కడి ముస్లింలు ఇళ్లలో మాట్లాడుకునే దక్కనీ ఉర్దూ కూడా ఒకే గూటిది.

మైసూరు ఏనుగుశాలల్లో మావటి పని చేసేవారిలో అడవి కురుబలతోపాటు ముస్లింలు తరతరాలుగా ఉన్నారు. దసరా ఊరేగింపులో అంబారీ మోసే ఏనుగును నడిపిన చేతుల్లో ముస్లిం మావటుల చేతులూ ఉన్నాయి. ఏనుగును ఆజ్ఞతో కాదు, నమ్మకంతో నడపాలి. పసితనం నుంచి దాని పక్కనే తిరిగి, దానికి తిండి పెట్టి, ఏట్లో దించి ఒళ్లు రుద్ది కడిగితేనే ఆ నమ్మకం కుదురుతుంది. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే తాలీమ్ అది. ఏ బడిలోనూ దొరకదు.

కారాపూర్‌కు దగ్గరలోని కాకనకోట అడవిలో ఖెడ్డాలు జరిగేవి. అడవి ఏనుగుల మందను డప్పులతో, మంటలతో తరిమి దుంగల దడిలోకి తోలి పట్టే పద్ధతిని ఖెడ్డా అంటారు. ఆంగ్లేయ అధికారి శాండర్సన్ 1870లలో మైసూరులో దాన్ని ప్రవేశపెట్టాడు. పట్టిన ఏనుగును మచ్చిక చేసే పని మావటులది.

సాబు తల్లి అతని పసితనంలోనే పోయింది. తండ్రి కూడా కొన్నేళ్లకే కన్నుమూశాడు. అనాథ అయిన పిల్లవాడు మహారాజా ఏనుగుశాల నీడలో పెరిగాడు. అన్న షేక్ దస్తగీర్ ఒక్కడే అతనికి దిక్కు. ఇక్కడ పేరు విషయంలో ఒక సంగతి చెప్పాలి. కుర్రవాడి అసలు పేరు సేలార్ షేక్ సాబు అని, దస్తగీర్ అన్నది అన్న పేరని, అది కాగితాల్లో తమ్ముడికీ అంటుకుందని అంటారు. అలా అన్న పేరే లోకంలో తమ్ముడి ఇంటిపేరుగా నిలిచిపోయింది.

కెమెరా వచ్చిన రోజులు

రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చువేసిన 'జంగిల్ బుక్'లో తూమాయి అనే మావటి పిల్లవాడి కథ ఉంది. ఏ మనిషీ చూడని ఏనుగుల నాట్యాన్ని ఆ పిల్లవాడు చూస్తాడు. దాన్ని సినిమాగా తీయడానికి కోర్డా రాబర్ట్ ఫ్లాహర్టీని పంపాడు. మంచు ప్రాంతాల ఎస్కిమోల బతుకు మీద 1922లో 'నానూక్ ఆఫ్ ది నార్త్' తీసి పేరు పొందిన దర్శకుడాయన. కట్టిన సెట్ల మీద కాక మనుషులు బతికే చోటికే వెళ్లి, అక్కడివారి చేతనే నటింపజేయడం ఆయన పద్ధతి.

ఫ్లాహర్టీ బృందం 1935లో మైసూరు చేరింది. మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడయారు వారికి అన్ని సదుపాయాలూ కల్పించారు. తూమాయి వేషానికి తగిన పిల్లవాడి కోసం వెతుకుతుంటే కెమెరామన్ బోరడేల్ కంట సాబు పడ్డాడు. అప్పటికి అతని వయసు పదకొండేళ్లు. ఇంగ్లీషు ముక్క రాదు. కెమెరా అంటే ఏమిటో తెలియదు. అయితే ఏనుగు తొండం పట్టుకుని కుంభస్థలం మీదికి ఎక్కడం తెలుసు. రాజావారి శాలలోని ఐరావత అనే పెద్ద ఏనుగు అతనికి తోడు నటుడైంది. నటన నేర్పే పని పెద్దగా లేకపోయింది. తన రోజువారీ పనే అతను కెమెరా ముందు చేశాడు.

ఫ్లాహర్టీ నెలల తరబడి తీస్తూనే పోయాడు. ఖెడ్డా కూడా ఏర్పాటు చేయించి చిత్రీకరించాడు. దాదాపు మూడు లక్షల అడుగుల ఫిల్ము తయారైంది గానీ కథ తేలలేదు. 1936లో కోర్డా అందర్నీ లండన్‌కు వెనక్కి రప్పించాడు. సాబూ, అన్న దస్తగీరూ ఓడెక్కి సీమకు వెళ్లారు. మిగతా కథను జోల్టాన్ కోర్డా దర్శకత్వంలో లండన్ దగ్గరి డెన్‌హామ్ స్టూడియోలో పూర్తి చేశారు.

ఇక్కడే మనం గమనించాల్సిన విషయం ఉంది. మైసూరులో తీసిన దృశ్యాల్లో నిజమైన మావటులు, నిజమైన అడవి కనిపిస్తాయి. స్టూడియోలో తీసిన దృశ్యాల్లో తూమాయి తండ్రి ఆంగ్లేయుడు. పెద్ద మావటి మచువా అప్పా ఆంగ్లేయుడు. కథలో ముఖ్యమైన భారతీయ పాత్రలన్నీ ముఖానికి గోధుమరంగు పూసుకున్న తెల్ల నటులవే. ఆ రంగుల ముఖాల మధ్య కడిగినా పోని రంగుగల ముఖం సాబుది. 'ఎలిఫెంట్ బాయ్' 1937లో విడుదలైంది. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వానికి బహుమతి వచ్చింది. సినిమా మొదట్లో తలపాగా చుట్టుకున్న సాబు ప్రేక్షకులకు ఎదురుగా నిలబడి అప్పుడే నేర్చుకున్న ఇంగ్లీషులో కథను పరిచయం చేస్తాడు. బేరం ఆడకుండా నేరుగా కళ్లలోకి చూసే ఆ చూపే జనాన్ని ఆకట్టుకుంది.

అదే సంస్థలో ఆ రోజుల్లో మరో తార ఉండేది. పేరు మెర్ల్ ఒబెరాన్. బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తర్వాత కోర్డాను పెళ్లాడింది. ఆమె తన భారతీయ మూలాలను దాచుకుని, టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుని బతికింది. 1979లో ఆమె చనిపోయాక గానీ అసలు సంగతి లోకానికి తేటతెల్లం కాలేదు. ఒకే స్టూడియోలో ఒకరు రంగు దాచుకుంటేనే నాయిక. మరొకరు రంగు చూపించుకుంటేనే నాయకుడు. ఇద్దరి విషయంలోనూ నిర్ణయం వారిది కాదు.

'డ్రమ్' తెచ్చిన దుమారం

1938లో కోర్డాలు సాబుతో 'ది డ్రమ్' తీశారు. వాయవ్య సరిహద్దులో ఒక చిన్న సంస్థానం. సాబు వేషం అక్కడి రాజకుమారుడు అజీమ్. పినతండ్రి గుల్ అన్నను చంపి, ఆంగ్లేయులను విందుకు పిలిచి ఊచకోత కోయాలని పన్నాగం పన్నుతాడు. రాజకుమారుడు నగారా మోగించి ఆంగ్లేయులను కాపాడతాడు. దుర్మార్గుడైన గుల్ వేషం కెనడాకు చెందిన రేమండ్ మాసీది. అంటే చెడ్డ ముస్లింగా ముఖానికి రంగు పూసుకున్న తెల్లవాడు, మంచి ముస్లింగా అసలు ముస్లిం పిల్లవాడు. ఆ మంచితనానికి కొలత ఒక్కటే: తెల్లదొరకు విధేయంగా ఉండటం.

ఆ రోజుల్లో సరిహద్దు పఠాన్ల అసలు చరిత్ర ఏమిటి? ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నాయకత్వంలో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు ఆయుధం పట్టకుండా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నారు. 1930 ఏప్రిల్ 23న పెషావరు కిస్సా ఖ్వానీ బజారులో తుపాకీ గుండ్లకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. అటువంటి ప్రజలను నమ్మకద్రోహులుగా, నెత్తురు తాగేవారుగా చూపిన సినిమా మన దేశంలో ఊరికే ఆడుతుందా? బొంబాయిలో, మద్రాసులో నిరసనలు చెలరేగాయి. మన జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. బొంబాయిలో వీధుల్లో గొడవలై సినిమాను ఎత్తివేయాల్సి వచ్చింది.

నిరసన తెలిపినవారిది న్యాయమే. అందులో నటించిన సాబుకు అప్పుడు పద్నాలుగేళ్లు. కథ రాసింది వేరొకరు. డబ్బు పెట్టింది వేరొకరు. ఒప్పందం చదవగలిగేంత చదువు కూడా అతనికి అప్పటికి అబ్బలేదు. పాల్ రాబ్సన్‌లా తర్వాత దూరం జరగడానికైనా ఒక హోదా కావాలి, వెనక ఒక సమాజం కావాలి. సీమలో ఆ పిల్లవాడి వెనక అన్న తప్ప ఎవరున్నారు? తప్పు వేషం వేసినవాడిలో వెతకాలా, వేయించినవారిలో వెతకాలా అన్న ప్రశ్న ఇక్కడ మన ముందుకు వస్తుంది.

దొంగగా, మోగ్లీగా

సాబుకు అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చింది 1940లో వచ్చిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'. రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడంతో ఇంగ్లండులో మొదలైన ఆ సినిమాను అమెరికాలో పూర్తి చేశారు. ఎగిరే తివాసీ, ఎగిరే గుర్రం, సీసాలోంచి వచ్చే జిన్ను. ఛాయాగ్రహణం, కళ, స్పెషల్ ఎఫెక్టులకు మూడు ఆస్కార్లు వచ్చాయి. జిన్నుగా వేసినవాడు అమెరికా నల్లజాతి నటుడు రెక్స్ ఇంగ్రామ్. ఆ సినిమాలో చూసినవారి మనసులో నిలిచిపోయేవి ఈ ఇద్దరి దృశ్యాలే.

అయితే ఒక పోలిక చూద్దాం. 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ తీసిన మూకీ 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో దొంగే నాయకుడు, దొంగకే రాజకుమారి దక్కుతుంది. సాబు వచ్చేసరికి ఆ ఒక్క పాత్రను రెండు ముక్కలు చేశారు. సాహసాలన్నీ చేసే దొంగ అబూ వేషం సాబుకు, రాజకుమారిని పెళ్లాడే రాజు వేషం ఆంగ్లేయుడు జాన్ జస్టిన్‌కు. చివర్లో అబూ తివాసీ ఎక్కి ఎక్కడికో ఎగిరిపోతాడు. తర్వాత హాలీవుడ్ యూనివర్సల్ సంస్థ తీసిన 'అరేబియన్ నైట్స్' (1942), 'వైట్ శావేజ్' (1943), 'కోబ్రా వుమన్' (1944) సినిమాల్లోనూ ఇదే వరుస. ఖలీఫా హారూన్ రషీద్ వేషం సైతం జాన్ హాల్ అనే అమెరికా నటుడిది. సాబు ఆయనకు తోడుండే హుషారైన నేస్తం. చొక్కా లేకుండా గెంతే కుర్రవాడిగానే అతన్ని ఉంచేశారు.

ఒక్క సినిమాలో మాత్రం కథ మొత్తం అతని భుజాల మీద నడిచింది. 1942లో జోల్టాన్ కోర్డా తీసిన 'జంగిల్ బుక్'లో సాబు మోగ్లీ. తోడేళ్లు పెంచిన పిల్లవాడు, అడవి భాష తెలిసినవాడు. టార్జాన్ లాంటి కథే ఇది. అయితే ఈసారి అడవి బిడ్డ ఆ అడవి ఉన్న దేశపు బిడ్డే. ఈ మార్పు చిన్నది కాదు. ఆ సినిమా నాలుగు విభాగాల్లో ఆస్కార్‌కు పోటీపడింది. అందులోనూ మోగ్లీ తల్లిగా వేసినామె అమెరికన్. ఊరి పెద్ద బుల్దేవ్‌గా వేసినవాడు మాల్టా దేశస్థుడు. అడవి కాలిఫోర్నియాలో వేసిన సెట్టు. ఊరంతటిలో భారతీయ ముఖం మళ్లీ సాబుదే.

అదే కాలంలో మన దేశంలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1937లో బొంబాయి వాడియా మూవీటోన్ 'తూఫానీ టార్జాన్' తీసింది. నాయకుడు జాన్ కావస్ అనే పార్శీ. మన నిర్మాత, మన డబ్బు కాబట్టి మన మనిషి టార్జాన్ అయ్యాడు. 1952లో సేలం మోడరన్ థియేటర్స్‌తో కలిసి అమెరికావారు 'ది జంగిల్' సినిమాను మన దక్షిణాదిలోనే తీశారు. అందులో ముఖ్యమైన భారతీయ పాత్రల్లో అమెరికా నటులు సీజర్ రొమేరో, మేరీ విండ్సర్ కనిపిస్తారు. చిత్రీకరణ మన గడ్డ మీదే జరిగినా, పాత్రలు ఎవరికివ్వాలన్న నిర్ణయం ఎక్కడో జరిగింది.

యుద్ధంలో సాబు

యుద్ధం రోజుల్లో సాబు అమెరికా ప్రభుత్వం కోసం యుద్ధ బాండ్ల ప్రచారం చేస్తూ ఊరూరా తిరిగారు. 1944 జనవరి 4న అమెరికా పౌరుడయ్యారు. ఇది కూడా మామూలు విషయం కాదు. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా మనవారికి ఆ తలుపు దాదాపు మూసే ఉంది.

ఆయన వైమానిక దళంలో చేరి పసిఫిక్ రణరంగంలో బి-24 బాంబర్ విమానాల్లో గన్నర్‌గా పనిచేశారు. శత్రు విమానాల గుండ్లకు ముందుగా గురయ్యే చోటు అది. పదుల కొద్దీ దాడుల్లో పాల్గొన్నారు. శౌర్యానికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్కేళ్లు. తెర మీద తివాసీ ఎక్కి ఎగిరిన కుర్రవాడు నిజంగా ఆకాశంలో ప్రాణాలకు తెగించి నిలబడ్డాడు. సినిమాలో ఆయనకు ఎన్నడూ ఇవ్వని హోదా అక్కడ ఆయన కష్టంతోనే సంపాదించుకున్నారు.

పెద్దవాడికి వేషాలు లేవు

యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి సాబు కుర్రవాడు కాదు. హాలీవుడ్‌కు కావలసింది ఆ కుర్రవాడే. భారతీయ పిల్లవాడి వేషం వారికి తెలుసు. భారతీయ పురుషుణ్ని ఏం చేయాలో వారికి తెలియలేదు. 1947లో ఇంగ్లండులో తీసిన 'బ్లాక్ నార్సిసస్'లో యువ సేనాపతిగా మంచి వేషం దొరికింది. ఆ సినిమాలో కనిపించే హిమాలయాలు కూడా స్టూడియోలో వేసిన బొమ్మలే. ఆయన ప్రేమించే కొండపిల్ల కాంచీగా ఒంటికి రంగు పూసుకుని వేసినది జీన్ సిమన్స్. అదే సంవత్సరం 'ఎండ్ ఆఫ్ ది రివర్'లో బ్రెజిల్ ఆదివాసీగా వేశారు. 1948లో జిమ్ కార్బెట్ పుస్తకం పేరు వాడుకుని తీసిన 'మ్యాన్ ఈటర్ ఆఫ్ కుమావూన్'లో వేటగాడి పక్కన పల్లెవాడు.

1948 అక్టోబరులో నటి మారిలిన్ కూపర్‌ను పెళ్లాడారు. పాల్, జాస్మిన్ అని ఇద్దరు పిల్లలు. పాల్ పెద్దయ్యాక సంగీతకారుడయ్యాడు. జాస్మిన్ సినిమాలకు జంతువులను తర్ఫీదు చేసే పనిలో పేరు తెచ్చుకుంది. తాత మావటి అయితే మనవరాలు గుర్రాలను మచ్చిక చేసింది.

వేషాలు తగ్గిన కొద్దీ సాబు ఇళ్ల స్థలాల వ్యాపారం చూసుకున్నారు. 1950ల మొదట్లో లండన్ హారింగే సర్కసులో ఏనుగులతో ప్రదర్శనలిచ్చారు. ప్రపంచమంతా తిరిగి వచ్చినా ఆయన్ని ఆదుకున్నది తండ్రి నేర్పిన పనే.

స్వదేశంలోనూ ఒక అవకాశం దగ్గరిదాకా వచ్చి తప్పిపోయింది. మెహబూబ్ ఖాన్ తాను తీయబోయే 'మదర్ ఇండియా'లో కొడుకు బిర్జూ వేషానికి సాబును అనుకున్నారు. 1950ల మధ్యలో ఆయన్ని బొంబాయికి రప్పించారు. పనులు ఆలస్యమయ్యాయి. అమెరికా పౌరుడైన ఆయనకు ఇక్కడ పనిచేయడానికి అనుమతి దొరకలేదని చెబుతారు. చివరికి ఆ వేషం సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో విడుదలైన ఆ సినిమా ఆస్కార్ పోటీ దాకా పోయింది. బిర్జూ ఎదురు తిరిగే పల్లె యువకుడు. కోపం, ప్రేమ, కన్నీళ్లు అన్నీ ఉన్న పూర్తి మనిషి. సాబుకు విదేశాల్లో ఎవరూ ఇవ్వని పాత్ర అదే. భారతీయ సినిమా ఒక్కటైనా చేయకుండానే ఆయన జీవితం ముగిసింది.

1960లో ఆయన పేరిట హాలీవుడ్ కాలిబాటలో నక్షత్రం వెలిసింది. ఆ ఏడాదే పెద్ద దుఃఖమూ వచ్చింది. లాస్ ఏంజిలెస్‌లో తమ ఫర్నిచర్ దుకాణంలో జరిగిన దోపిడీలో అన్న షేక్ దస్తగీర్ హతులయ్యారు. కారాపూర్ నుంచి చెయ్యి వదలకుండా వెంట వచ్చిన ఒకే ఒక్క రక్తసంబంధం అలా తెగిపోయింది.

1963లో 'ర్యాంపేజ్'లో వేటగాళ్లకు దారి చూపే తాలిబ్‌గా వేశారు. డిస్నీ సంస్థ 'ఎ టైగర్ వాక్స్'లో పులిని కాపాడటానికి తోడ్పడే రామ్ సింగ్ ఆయన చివరి వేషం. అది విడుదలయ్యేసరికి ఆయన లేరు. 1963 డిసెంబరు 2న గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 39 ఏళ్లు.

మనం తెలుసుకోవాల్సింది

సాబును తెల్లవారి చేతిలో కీలుబొమ్మ అని తేల్చేసేవారున్నారు. మన జెండా ఎగరేసిన మహానటుడని పొగిడేవారూ ఉన్నారు. రెండూ సగం మాటలే అని మా అభిప్రాయం. ఆయన వేసిన వేషాలు ఇరుకైనవి. వాటిలో కొన్ని మన ప్రజలను కించపరిచిన కథల్లోవి. అయినా ఆ ఇరుకులో ఆయన కనబరిచిన హుందాతనం, తెగువ అరువు తెచ్చుకున్నవి కావు. అందరూ రంగు పూసుకుని భారతీయులమని నటించిన చోట, రంగు పూసుకోనక్కరలేని ముఖంతో నిలబడి జనం చేత చప్పట్లు కొట్టించుకున్నాడు ఒక మావటి కొడుకు. భారతీయ వేషానికి భారతీయుడే పనికిరాడన్న సాకును ఆయన ఒక్కడే అబద్ధం చేశాడు.

అయినా పరిశ్రమ ఆ పాఠం త్వరగా నేర్చుకోలేదు. 1967లో డిస్నీ బొమ్మల 'జంగిల్ బుక్'లో మోగ్లీకి గొంతు ఇచ్చింది ఆ చిత్ర దర్శకుడి కొడుకు. 1994 సినిమాలో మోగ్లీ వేషం చైనా, హవాయి సంతతికి చెందిన జేసన్ స్కాట్ లీది. 2016లో గానీ డిస్నీ సంస్థ భారతీయ మూలాలున్న నీల్ సేఠీ అనే పిల్లవాణ్ని మోగ్లీని చేయలేదు. సాబు మోగ్లీ అయిన 74 ఏళ్లకు.

ఈ రోజుల్లో పిల్లలు ఇంట్లో కూర్చునే ప్రపంచ సినిమాలన్నీ చూస్తున్నారు. వాటిలో ముస్లిం పాత్రలు వస్తుంటాయి, పేదవారి పాత్రలు వస్తుంటాయి, అడవి బిడ్డల పాత్రలు వస్తుంటాయి. మనలాంటి ముఖం కనబడగానే సంబరపడటం సహజమే. ఆ సంబరంతో ఆగిపోకుండా పిల్లల చేత రెండు విషయాలు ఆలోచింపజేయాలి. ఈ కథ ఎవరు రాశారు? ఇందులో మంచివాడు ఎవరికి నచ్చేలా ఉంటే మంచివాడయ్యాడు? సాబుకు నటన వచ్చు, ధైర్యం ఉంది, పేరు వచ్చింది. కలం, కెమెరా, డబ్బుపెట్టె మాత్రం ఎన్నడూ ఆయన చేతికి రాలేదు. మన ఇళ్ల నుంచి నటులు రావడం మంచిదే. రాసేవారు, తీసేవారు కూడా రావాలి. దానికి కావలసింది చదువు. పదకొండేళ్లకు ఒప్పందం మీద వేలిముద్ర వేసే పరిస్థితి ఏ యతీంకూ రాకుండా చూడటం మన బాధ్యత. మన ఊళ్లో తల్లిదండ్రులు లేని పిల్లవాడు బడి మానకుండా చదివేలా చూసేవారే నిజంగా చెయ్యి పట్టుకుని ఆదుకునేవారు.